ముగ్గురి పాట, ఒక్కడి బొమ్మ

మా గుణదలలో బాబ్ మార్లే బొమ్మ కనపడని రోజుండదు. పడవలరేవు దగ్గర ఆగిన ఆటో వెనకద్దం మీద, బైకు ట్యాంకు మీద, హాస్టల్ గది తలుపు మీద, బీసెంట్ రోడ్డులో వేలాడే టీషర్టుల మీద ఎక్కడో ఒకచోట ఉంటాడు. జటలు కట్టిన జుట్టు, పెద్ద నవ్వు, వెనక ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చారలు. చాలాసార్లు పక్కన ఒక గంజాయి ఆకు కూడా. ఆ టీషర్టు వేసుకున్నవాళ్ళని అడిగితే పేరు చెప్తారు. పాట ఒకటి చెప్పమంటే కొంచెం ఆలోచిస్తారు. ఆ బొమ్మలో ఇంకో ఇద్దరు ఉండాలి కదా అంటే మాత్రం మనల్ని వింతగా చూస్తారు.

ఈ సంచికకి మార్లే మీద రాస్తానంటే, తెలుగు పత్రికలో రెగే ఏమిటని మన క్లబ్బులో కొందరు అడిగారు. సంబంధం ఉంది, మధ్యలో చెప్తాను. నేను రాయడానికి అసలు కారణం మాత్రం వేరే. కాలేజీ బ్యాండులో నేను బేస్ గిటార్ వాయిస్తాను. ప్రోగ్రాం ఫొటోల్లో ఎప్పుడూ సగమే పడతాను. బేస్ వాయించేవాడికి ఏ పాటలోనైనా ముందు కింది స్వరాలే వినపడతాయి. మార్లే పాటల్లో ఆ కింది స్వరాలు వెనక నక్కి ఉండవు, ముందుకొచ్చి నడుస్తాయి. ఎవరు వాయించారో చూద్దామని మొదలుపెడితే ఒక్క మనిషి కథ కాస్తా ఒక పేట కథ, ఒక బ్యాండు కథ అయింది. ఆ బ్యాండు పేరు వెయిలర్స్. బిగ్గరగా ఏడ్చేవాళ్ళు అని అర్థం.

బాబ్ మార్లే 1945 ఫిబ్రవరి 6న జమైకా దీవిలో, సెయింట్ ఆన్ ప్రాంతంలోని నైన్ మైల్ అనే కొండ పల్లెలో పుట్టాడు. అప్పటికి జమైకా ఇంకా బ్రిటిష్ వలస. తల్లి సెడెల్లా, పద్దెనిమిదేళ్ళ నల్లజాతి పల్లెటూరి పిల్ల. తండ్రి నార్వల్ మార్లే తెల్లవాడు, వయసులో అరవైకి దగ్గరపడ్డవాడు. పెళ్ళయితే చేసుకున్నాడుగానీ కాపరం చెయ్యలేదు. బాబ్‌కి పదేళ్ళప్పుడు ఆయన చనిపోయాడు. బాబ్ పెరిగింది అమ్మ దగ్గర, తాత పొలం దగ్గర. తెల్లవాళ్ళకి నల్లవాడు, నల్లవాళ్ళలో రంగు తక్కువవాడు. రెండు వైపులా మాట పడ్డాడు.

ఆ పల్లెలోనే అతనికి ఒక స్నేహితుడు దొరికాడు. నెవిల్ లివింగ్‌స్టన్, ఇంట్లో అందరూ బన్నీ అని పిలిచేవాళ్ళు. తర్వాత సెడెల్లా కొడుకుని తీసుకుని బతుకుతెరువు కోసం రాజధాని కింగ్‌స్టన్ వెళ్ళింది. అక్కడ ఆమె, బన్నీ తండ్రి కలిసి ఉండటంతో పిల్లలిద్దరూ ఒకే ఇంట్లో పెరిగారు. వాళ్ళకి పెర్ల్ అనే ఒక చెల్లెలు కూడా పుట్టింది. అంటే బన్నీకి బాబ్ స్నేహితుడే కాదు, వరసకి అన్న కూడా.

వాళ్ళున్న పేట పేరు ట్రెంచ్ టౌన్. ప్రభుత్వం కట్టించిన చిన్న చిన్న ఇళ్ళు, నాలుగు వైపులా గదులు, మధ్యలో ఉమ్మడి వాకిలి, అందరికీ కలిపి ఒక కుళాయి, ఒక వంటచోటు. కొండ మీద ఇళ్ళలోనో కాలవగట్టు ఇళ్ళలోనో పెరిగినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. అలాంటి చోట ఒకరింట్లో గొడవైనా, పాటైనా అందరిదీ అవుతుంది. ఆ వాకిట్లో జో హిగ్స్ అనే గాయకుడు ఉండేవాడు. అప్పటికే రికార్డులు ఇచ్చినవాడు. పేటలో పిల్లలకి డబ్బు తీసుకోకుండా పాట నేర్పేవాడు. గొంతులు కలపడం, ఒకడు పై స్థాయిలో ఉంటే ఇంకొకడు ఎక్కడుండాలి, ఊపిరి ఎక్కడ తియ్యాలి, ఇవన్నీ గంటల తరబడి సాధన చేయించేవాడు.

జో హిగ్స్ దగ్గరికే మూడోవాడు వచ్చాడు. పేరు విన్‌స్టన్ మెకింటాష్. మనకి పీటర్ టోష్‌గా తెలుసు. 1944లో పుట్టాడు. ఆరడుగుల మనిషి, మాట కరుకు, గొంతు లోతు. ముగ్గురిలో నిజమైన గిటార్ ఉన్నది అతని దగ్గరే. బన్నీ దగ్గర ఉన్నది వెదురు కర్ర, సార్డీన్ చేపల డబ్బా, కరెంటు వైరు కలిపి తనే చేసుకున్న గిటార్. మన ల్యాబుల్లో చేసే మినీ ప్రాజెక్టుల కన్నా అదే మేలనిపిస్తుంది నాకు, అది పనిచేసింది కాబట్టి.

బాబ్ చదువు పద్నాలుగేళ్ళకే ఆగిపోయింది. తల్లి వెల్డింగు పనిలో పెట్టింది. ఒకరోజు ఇనప రజను కంట్లో పడింది. ఆ నొప్పి తర్వాత మళ్ళీ వెల్డింగుకి వెళ్ళలేదు. 1962లో లెస్లీ కాంగ్ అనే నిర్మాత దగ్గర ఒంటరిగా కొన్ని పాటలు రికార్డు చేశాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఏడాదే ఆగస్టు 6న జమైకాకి స్వాతంత్ర్యం వచ్చింది. ఒంటరిగా పాడి దెబ్బతిన్న బాబ్ మరుసటేడు బన్నీనీ పీటర్‌నీ కలుపుకుని గుంపు కట్టాడు. మొదట్లో వాళ్ళతోపాటు జూనియర్ బ్రాత్‌వెయిట్, బెవర్లీ కెల్సో, చెర్రీ స్మిత్ కూడా ఉన్నారు. ఆరుగురు పిల్లలు, ఒకే పేట. తర్వాత మిగిలింది ముగ్గురు.

వాళ్ళని స్టూడియో వన్ యజమాని కాక్సన్ డాడ్ తీసుకున్నాడు. మొదటి పెద్ద పాట సిమ్మర్ డౌన్ 1964 మొదట్లో జమైకాలో అగ్రస్థానానికి వెళ్ళింది. పేటల్లో కత్తులు పట్టుకు తిరిగే కుర్రాళ్ళని కాస్త తగ్గమని చెప్పే పాట అది. పోలీసులో పాస్టర్లో కాదు, ఆ కుర్రాళ్ళ వీధిలోవాళ్ళే ఆ మాట చెప్పడంతో అది అతుక్కుంది. పాటలు వరసగా హిట్టయ్యాయి. డబ్బు మాత్రం రాలేదు. కాక్సన్ ఇచ్చేది వారానికి కొద్ది పౌండ్లు. దేశమంతా పాడుకునే పాట పాడినవాడు స్టూడియో వెనక గదిలో పడుకునేవాడు.

ఇప్పుడు ఒక విషయం గమనించండి. 1966 ఫిబ్రవరి 10న బాబ్ రీటా ఆండర్సన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. వెంటనే అమెరికాలో డెలవేర్‌లో ఉన్న తల్లి దగ్గరికి వెళ్ళాడు. డబ్బు కూడబెట్టి సొంత రికార్డు కంపెనీ పెట్టాలని ఆలోచన. అక్కడ డ్యూపాంట్ ల్యాబులో సహాయకుడిగా, క్రైస్లర్ కార్ల ఫ్యాక్టరీలో కార్మికుడిగా పనిచేశాడు. ఆ నెలల్లో వెయిలర్స్ ఆగిపోలేదు. రీటా బంధువు డ్రీమ్ వాకర్‌ని చేర్చుకుని బన్నీ, పీటర్ పాడుతూనే ఉన్నారు. 1967లో గంజాయి కేసులో బన్నీ ఏడాదికి పైగా జైల్లో ఉన్నాడు. అప్పుడు బాబ్, పీటర్ లాక్కొచ్చారు. ఎవరు లేకపోతే మిగిలినవాళ్ళు మోశారు. ఇది ఒక్కడి బ్యాండు అయ్యుంటే ఆ రోజుల్లోనే ముగిసిపోయేది.

ఆ రోజుల్లోనే వాళ్ళు రాస్తఫారీ మార్గంలోకి వచ్చారు. 1930లో ఇథియోపియా చక్రవర్తిగా హెయిలీ సెలాసీ పట్టాభిషేకం జరిగినప్పుడు, జమైకా పేదల్లో కొందరు ఆయన్ని దేవుడిగా కొలవడం మొదలుపెట్టారు. బానిసలుగా తమ పూర్వీకులు వదిలివచ్చిన ఆఫ్రికాకి తిరిగి వెళ్తామన్న ఆశ దాని మూలం. జుట్టు జటలు కట్టనివ్వడం, ఉప్పు లేని శాకాహారం, ధ్యానంలో గంజాయి వాళ్ళ ఆచారాలు. ఇక్కడ మనకో చిన్న లంకె ఉంది. జమైకాలో ఇప్పటికీ దాన్ని గంజా అనే అంటారు. 1845 నుంచి చెరుకు తోటల పనికి ఓడలెక్కి వెళ్ళిన మన దేశపు కూలీలతోపాటు ఆ మాట అక్కడికి చేరింది. వాళ్ళకి అది పూజ. అదే ఆకు టీషర్టు మీద స్టైలుగా మారింది. దాని వల్ల మార్లేని ఒక మత్తు మనిషిగా చూసేవాళ్ళు తయారయ్యారు. రిహార్సలు చేసి, మిగతా సమయంలో ఫుట్‌బాల్ ఆడిన మనిషికి అది అన్యాయం.

సంగీతం సంగతికి వద్దాం. జమైకాలో 1960ల మొదట్లో స్కా అనే వేగమైన పాట ఉండేది. 1966 ప్రాంతంలో అది నెమ్మదించి రాక్‌స్టెడీ అయింది, 1968కి రెగే అయింది. మన తాళాల్లో మొదటి దెబ్బ సమం. అందరూ అక్కడ కలుస్తారు, అక్కడే బరువు. రెగేలో ఎక్కువగా వాడే వన్ డ్రాప్ పద్ధతిలో సరిగ్గా ఆ మొదటి దెబ్బనే ఖాళీగా వదిలేస్తారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడితే డ్రమ్ము బరువంతా మూడు మీద పడుతుంది. గిటార్ రెండు, నాలుగు మీద చిన్నగా కోసినట్టు పలుకుతుంది. మొదటి మెట్టు లేని మెట్లెక్కినట్టు ఉంటుంది. ఒళ్ళు ఆ ఖాళీని నింపుకోవాలని తనంతట తనే ఊగుతుంది. ఆ ఖాళీ మధ్య పాటని నడిపించేది బేస్.

ఆ బేస్, ఆ డ్రమ్ము వెయిలర్స్‌లోకి వచ్చింది 1970 ప్రాంతంలో. లీ పెర్రీ అనే విచిత్రమైన, గొప్ప నిర్మాత దగ్గర ముగ్గురూ పాడుతున్నప్పుడు ఆయన వాద్యబృందంలో ఇద్దరు అన్నదమ్ములు ఉండేవాళ్ళు. అన్న ఆస్టన్ బారెట్, ముద్దుపేరు ఫ్యామిలీ మ్యాన్. తమ్ముడు కార్ల్‌టన్. అన్న మొదటి బేస్‌ని ప్లైవుడ్డు ముక్కలతో తనే చేసుకున్నాడు. తమ్ముడి మొదటి డ్రమ్ములు పెయింటు డబ్బాలు. పెర్రీ దగ్గర్నుంచి వాళ్ళిద్దర్నీ వెయిలర్స్ లాక్కున్నారు. ఇక్కడ బ్యాండు పూర్తయింది: మూడు గొంతులు, ఒక డ్రమ్ము, ఒక బేస్.

మొదట చెప్తానన్న సంబంధం ఇప్పుడు చెప్తాను. మూడు గొంతుల ఈ అమరికని నేను ఇదివరకే చూశాను, బుర్రకథలో. మధ్యలో కథకుడు, భుజాన తంబుర, వేళ్ళకి అందెలు. రెండు పక్కలా గుమ్మెటలతో వంతలు. ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం. కథకుడు పల్నాటి యుద్ధం చెప్తుంటే హాస్యగాడు అడ్డం తగిలి నవ్విస్తాడు, రాజకీయం చెప్పేవాడు ఆ కథని ఇవాళ్టి ఊరి గొడవకి కలుపుతాడు. వంతలు తందాన పలకకపోతే కథకుడికి ఊపిరి తీసుకునే చోటు లేదు. గుంటూరు దగ్గర పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట్లో 1920లో పుట్టిన షేక్ నాజర్ గారు ప్రజానాట్యమండలి రోజుల్లో ఈ కళని ఊరూరా తీసుకెళ్ళారు. బెంగాల్ కరువు మీద, అల్లూరి మీద కథలు కట్టారు. ఆయనకి 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో వెళ్ళిపోయారు. బెజవాడ చుట్టుపక్కల పెద్దవాళ్ళు ఆ కథల గురించి ఇప్పటికీ చెప్తారు. పేదవాడి కష్టాన్ని పేదవాడే ముగ్గురై పాడటం, దాన్ని చూసి ప్రభుత్వాలు ఉలిక్కిపడటం మనకి కొత్త కాదు. అయితే నాజర్ పక్కన నిలబడ్డ వంతల పేర్లు చెప్పమంటే మనలో ఎంతమంది చెప్పగలం? అందుకే వెయిలర్స్ కథ నాకు దూరదేశపు కథ అనిపించలేదు.

1972లో వెయిలర్స్ లండన్‌లో చేతిలో డబ్బుల్లేక చిక్కుకుపోయారు. ఐలండ్ రికార్డ్స్ యజమాని క్రిస్ బ్లాక్‌వెల్ దగ్గరికి వెళ్ళారు. జమైకాలో పెరిగిన తెల్లవాడు ఆయన. వీళ్ళు డబ్బు తీసుకుని పారిపోతారని చుట్టూ ఉన్నవాళ్ళు హెచ్చరించినా నాలుగు వేల పౌండ్లు ముందుగా ఇచ్చి ఆల్బం చెయ్యమన్నాడు. వాళ్ళు కింగ్‌స్టన్ వెళ్ళి చేసుకొచ్చారు. దానిమీద బ్లాక్‌వెల్ లండన్‌లో అమెరికన్ వాద్యకారుడి చేత రాక్ గిటార్ వాయింపించి కలిపాడు. 1973లో క్యాచ్ ఎ ఫైర్ పేరుతో వచ్చింది. సిగరెట్ లైటర్‌లా తెరుచుకునే అట్ట. పాటలో ఉన్నది మాత్రం బానిస ఓడలు, కొరడా, కాంక్రీటు మురికివాడ. ఆ ఏడాదే రెండో ఆల్బం బర్నిన్ కూడా వచ్చింది.

అక్కడే చీలిక మొదలైంది. బన్నీకి ఆ ప్రయాణాలు పడలేదు. చలి, తిండి, క్లబ్బుల వాతావరణం ఏదీ తన నమ్మకానికి సరిపోలేదు. ఇంగ్లండు టూరు అయ్యాక ఇక రానన్నాడు. అమెరికా టూరులో అతని స్థానంలో పాడింది ఎవరనుకున్నారు? జో హిగ్స్. పాట నేర్పిన గురువే శిష్యుడి ఖాళీలో వంత పాడటానికి వచ్చాడు. ఆ టూరులో స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ అనే పెద్ద బృందానికి ముందు పాడే అవకాశం వస్తే నాలుగైదు ప్రదర్శనలకే వాళ్ళని దింపేశారు.

పీటర్ గొడవ ఇంకోటి. బ్లాక్‌వెల్ బాబ్‌ని ఒక్కణ్ణే ముందుకు తోస్తున్నాడని అతని బాధ. తన సొంత ఆల్బం కంపెనీ వెయ్యనంది. గెట్ అప్ స్టాండ్ అప్ లాంటి పాట బాబ్‌తో కలిసి రాసినవాడు, గిటార్ తెచ్చినవాడు, పక్కవాడిలా నిలబడటానికి ఒప్పుకోలేదు. 1974కి వెళ్ళిపోయాడు. ఎరిక్ క్లాప్టన్ పాడిన బాబ్ పాట అమెరికాలో మొదటి స్థానానికి చేరింది ఆ ఏడాదే. తలుపు తెరుచుకుంది. లోపలికి వెళ్ళింది ఒక్కడే.

ఈ విషయంలో నేను చాలా చదివాను, తప్పెవరిదని తేల్చడానికి కాదు. బ్లాక్‌వెల్‌కి ఒక ముఖం కావాలి, అమ్మాలంటే ముఖం కావాలి. బాబ్‌కి ప్రపంచానికి చెప్పాల్సింది ఉంది. మిగతా ఇద్దరికీ తమ గౌరవం ఉంది. నలుగురివీ నిజమైన కారణాలే. అయినా పదేళ్ళు కలిసి పండించిన ఆ మూడు గొంతుల పాట మాత్రం పోయింది. బారెట్ అన్నదమ్ములు ఉండిపోయారు. బన్నీ, పీటర్ల స్థానంలో రీటా, మార్సియా గ్రిఫిత్స్, జూడీ మోవాట్ అనే ముగ్గురు స్త్రీలు ఐ త్రీస్ పేరుతో వచ్చారు. ముగ్గురూ మంచి గాయనులు. వాళ్ళ గొంతులు బాబ్ గొంతుని పట్టుకుని నిలబెట్టాయి. బన్నీ, పీటర్ మాత్రం ఆ గొంతుతో వాదించేవాళ్ళు. తేడా అదీ. బ్యాండు పేరు కూడా బాబ్ మార్లే అండ్ ద వెయిలర్స్ అయింది.

1975 జూలైలో లండన్ లైసియం థియేటర్లో రికార్డు చేసిన కచేరీతో నో ఉమన్ నో క్రై ప్రపంచానికి తెలిసింది. ట్రెంచ్ టౌన్ వాకిట్లో పొయ్యి చుట్టూ కూర్చున్న రాత్రుల పాట అది. రచయిత పేరు చూస్తే బాబ్ మార్లే అని ఉండదు. విన్సెంట్ ఫోర్డ్ అని ఉంటుంది. మధుమేహంతో కాళ్ళు పోయి చక్రాల కుర్చీలో ఉండే ఫోర్డ్ ట్రెంచ్ టౌన్‌లో ఆకలిగా వచ్చినవాళ్ళకి వండిపెట్టేవాడు. చిన్నప్పుడు బాబ్‌కి అన్నం పెట్టిన వంటిల్లు అదే. తన పాత ఒప్పందం తప్పించుకోవడానికే బాబ్ ఆ పేరు పెట్టాడని పాత పబ్లిషర్ తర్వాత కోర్టుకెక్కాడు, కేసు నిలవలేదు. కారణం ఏదైనా, ఆ పాట రాయల్టీ ఆ వంటింటికి చేరింది. బాబ్ జీవితంలో నాకు బాగా నచ్చిన సంగతి ఇదే.

ఆ రోజుల్లో జమైకా రెండు పార్టీలుగా చీలి ఉంది. మైకేల్ మ్యాన్లీది ఒకటి, ఎడ్వర్డ్ సియాగాది ఒకటి. పేటలన్నీ పార్టీల వారీగా తుపాకులు పట్టాయి. 1976 డిసెంబర్ 5న ప్రజలకి ఉచితంగా ఒక కచేరీ చెయ్యడానికి బాబ్ ఒప్పుకున్నాడు. ఎన్నికలు దగ్గర్లోనే పెట్టడంతో అది ప్రభుత్వ పార్టీ ప్రచారంలా కనపడింది. డిసెంబర్ 3 రాత్రి హోప్ రోడ్డులో అతని ఇంట్లో రిహార్సలు జరుగుతుండగా దుండగులు వచ్చి కాల్పులు జరిపారు. బాబ్ గుండెని రాసుకుంటూ వెళ్ళిన తూటా చేతిలో దిగింది. రీటాకి తలకి తగిలింది. మేనేజర్ డాన్ టేలర్‌కి చాలా తూటాలు తగిలాయి. ఎవరూ చనిపోకపోవడమే ఆశ్చర్యం. రెండు రోజుల తర్వాత, చేతిలో తూటా ఉండగానే, వేలాది జనం ముందు బాబ్ గంటన్నర పాడాడు. తలకి కట్టుతో రీటా పక్కనే నిలబడి పాడింది.

తర్వాత దేశం వదిలి లండన్ వెళ్ళాడు. అక్కడ చేసిందే 1977 నాటి ఎక్సోడస్. 1978 ఏప్రిల్ 22న కింగ్‌స్టన్ తిరిగొచ్చి శాంతి కచేరీలో పాడాడు. పాట మధ్యలో మ్యాన్లీనీ సియాగానీ వేదిక మీదికి పిలిచి, ఇద్దరి చేతులూ తన తల మీదుగా కలిపి పట్టుకున్నాడు. ఆ ఫొటో అందరికీ తెలుసు. అదే వేదిక మీద అదే సాయంత్రం పీటర్ టోష్ కూడా ఉన్నాడని తక్కువ మందికి తెలుసు. అతను చేతులు కలపలేదు. న్యాయం లేకుండా శాంతి ఎక్కడిదని ఆ నాయకులిద్దర్నీ ముఖం మీదే చాలాసేపు కడిగేశాడు. కొన్ని నెలల తర్వాత పోలీసులు అతన్ని చావగొట్టారు. ఒకే పేట వాకిట్లో పాట నేర్చుకున్న ఇద్దరిలో ఒకడు కలిపాడు, ఒకడు నిలదీశాడు. బుర్రకథ వేదిక మీదైతే ఆ రెండూ ఒకే కథలో ఉండేవి.

1980 ఏప్రిల్‌లో జింబాబ్వే స్వాతంత్ర్య వేడుకకి బాబ్‌ని పిలిచారు. పరికరాలు విమానంలో తీసుకెళ్ళే ఖర్చంతా తనే పెట్టుకున్నాడు. పాట మొదలవగానే బయట ఆగిపోయిన జనం గేటు తోసుకొచ్చారు, పోలీసులు బాష్పవాయువు వదిలారు. బ్యాండువాళ్ళు చాలామంది దిగిపోయినా బాబ్ వేదిక మీదే ఉన్నాడు. లోపలికి రాలేనివాళ్ళ కోసం మర్నాడు మళ్ళీ పాడాడు. జూన్‌లో ఇటలీలోని మిలాన్‌లో లక్ష మంది వచ్చారు.

అప్పటికే జబ్బు ఒంట్లో ఉంది. 1977లో కాలి బొటనవేలికి ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నది గోరు కింద పుట్టిన చర్మ క్యాన్సర్ అని తేలింది. వేలు తియ్యాలన్నారు డాక్టర్లు. శరీరాన్ని కోయించుకోవడం తన నమ్మకానికి విరుద్ధమని వద్దన్నాడు. చిన్న శస్త్రచికిత్సతో సరిపెట్టారు. 1980 సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లో రెండు కచేరీలు చేసి, మర్నాడు పార్కులో పరిగెడుతూ కుప్పకూలాడు. రోగం మెదడు దాకా పాకింది. అయినా 23న పిట్స్‌బర్గ్‌లో పాడాడు. అదే చివరిది. జర్మనీలో నెలల తరబడి వైద్యం జరిగింది. ఇంటికి తిరిగొస్తూ దారిలో, 1981 మే 11న మయామీలో చనిపోయాడు. వయసు 36. దేశం అధికార లాంఛనాలతో సాగనంపింది. పుట్టిన నైన్ మైల్‌లోనే సమాధి.

వీలునామా రాయలేదు. ఆస్తి కోసం ఏళ్ళ తరబడి కోర్టులు నడిచాయి. 1984లో లెజెండ్ అనే పాటల సంపుటి వచ్చింది, కోట్లలో అమ్ముడుపోయింది. మనలో చాలామంది ఫోన్లలో ఉన్నది అదే. అందులో పద్నాలుగు పాటలుంటే, ముగ్గురూ కలిసి ఉన్న రోజుల్లోవి మూడే.

మిగిలినవాళ్ళ సంగతి కూడా చెప్పి ముగిస్తాను. డ్రమ్ము వాయించిన కార్ల్‌టన్ బారెట్‌ని 1987 ఏప్రిల్‌లో అతని ఇంటి ముందే కాల్చి చంపారు. అదే ఏడాది సెప్టెంబర్ 11న దోపిడీకి వచ్చినవాళ్ళు పీటర్ టోష్‌ని ఇంట్లోనే చంపారు. జూనియర్ బ్రాత్‌వెయిట్‌ది కూడా 1999లో హత్యే. పాతికేళ్ళ ముందు ఏ తుపాకులని తగ్గమని పాడారో ఆ తుపాకులే వాళ్ళ దాకా వచ్చాయి. బన్నీ మూడు గ్రామీలు గెలుచుకుని, 2021లో చనిపోయాడు. బేస్ వాయించిన ఫ్యామిలీ మ్యాన్ తనకి రావాల్సిన రాయల్టీ ఇవ్వలేదని 2006లో లండన్ కోర్టులో కేసు వేశాడు. అంతకుముందు ఒక రాజీ పత్రం మీద సంతకం పెట్టి ఉండటంతో ఓడిపోయాడు. 2024 ఫిబ్రవరి 3న, 77 ఏళ్ళకి చనిపోయాడు. 2018లో యునెస్కో రెగేని మానవాళి వారసత్వంగా గుర్తించినప్పుడు, ఆ చప్పుడుకి వెన్నెముక వేసినవాళ్ళలో బతికి ఉన్న కొద్దిమందిలో అతనొకడు.

బాబ్ మార్లే గొప్పవాడు కాదని నేను అనడం లేదు. చేతిలో తూటాతో పాడిన మనిషి, అన్నం పెట్టినవాడికి పాట రాసిచ్చిన మనిషి అతను. ఒక్కడే నిలబడి అంత పెద్దవాడు కాలేదని మాత్రమే అంటున్నాను. అతని వెనక గురువుంది, వాకిలుంది, వంటిల్లుంది, ఇద్దరు స్నేహితులు, ఇద్దరు అన్నదమ్ములు, ముగ్గురు ఆడవాళ్ళు ఉన్నారు.

వినాలనుకుంటే లెజెండ్‌తో కాకుండా క్యాచ్ ఎ ఫైర్‌తో మొదలుపెట్టండి. మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. మొదటిసారి బాబ్‌ని వినండి. రెండోసారి అతన్ని వదిలేసి పైన బన్నీ గొంతుని, కింద పీటర్ గొంతుని పట్టుకోండి. మూడోసారి బేస్ ఒక్కటే. ఆ తర్వాత వీలైతే 1954 నాటి అగ్గిరాముడు సినిమాలో నాజర్ గారి అల్లూరి బుర్రకథ చూడండి. అక్కడా అంతే, మధ్యలో ఉన్న ఆయన్నే చూడకండి. అటూ ఇటూ ఉన్నవాళ్ళని కూడా వినండి.